రైలు గేటు దగ్గర కారిన కారు

నిరుడు కొత్త కారు కొన్నాను గానీ, అది పేరుకు తగ్గట్టు కారుతుందని అనుకోలేదు. లోపల ఎప్పుడూ పెట్రోలు వాసనే. నరసరావుపేట షోరూము మేనేజరేమో "కొత్త బండి వాసన సార్" అని పంపించేసేవారు. చివరికి ఆయన్నే ఎక్కించుకుని బయలుదేరాను.

రైలు గేటు పడింది. ముందు మిర్చి లారీ, వెనక బస్సు, రెండు పక్కలా తలుపు తెరవనివ్వకుండా మోటారు సైకిళ్లు. వాసనకు అద్దాలు దించుకున్నాం. నా పక్కన బండి మీదున్న పెద్దాయన బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. మేనేజరే నా మీదుగా వంగి, "బాబాయ్, గీయమాక. ట్యాంకు కారతంది" అని చేతులు జోడించారు.

పెద్దాయన కిందికి చూసి, "ఏందబ్బాయ్, ఇంత కారతంటే ఇందులో ఎట్టా కూర్చున్నారు?" అన్నాడు.

ఆ వారమే మేనేజరు కంపెనీ వెంటపడి ట్యాంకు మార్పించారు. అన్నాళ్లూ అందులో నేనొక్కణ్ణే ఇరుక్కున్నాను. ఆయనా ఇరుక్కున్నాకే దారి దొరికింది.