బండికి హారతి

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. లంబాసా దగ్గర వాయిలేవులో మాకు చెరకు పొలం ఉండేది. నాన్న పోయాక ఆయన మోటార్‌సైకిల్ షెడ్డులో తుప్పు పట్టిపోయింది. దాన్ని నేనే విప్పి బాగుచేశాను. పాత లారీ సీటు కోసి దానికి సీటు కుట్టాను, ట్యాంకుకు నీలం రంగు వేశాను.

పెట్రోలు పోసి కిక్ కొట్టబోతుంటే అమ్మ ఆపింది.

"రుకో బాబూ! పహిలే హారతి, తబ్ స్టార్ట్ కరో."

ముందు హారతి ఇవ్వాలట. మా ఇంట్లో మాటలన్నీ ఫిజీ హిందీయే, తెలుగు పూజ దగ్గర మాత్రమే మిగిలింది. అమ్మ కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని పళ్లెం తిప్పింది. కింద పెట్రోలు కారుతోందని ఎవరమూ చూడలేదు. మంట భగ్గున ట్యాంకు మీదికెక్కింది. సరిగ్గా అప్పుడే అమ్మ "గోవిందా!" అంది. చిన్నప్పటి అలవాటు కదా, మండుతున్న బండిని చూస్తూనే అందరం "గోవింద!" అన్నాం.

నా భార్య అమ్మను వెనక్కి లాగింది. తమ్ముడు మట్టి పోశాడు. నేను కదల్లేదు. నీలం రంగు బుడగలు లేచి నల్లబడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

"హోయ్ గయిస్," అంది అమ్మ మెల్లగా. అయిపోయింది.

నాన్నను చితి దగ్గరికి మోసుకెళ్తూ కూడా మేం ఇలాగే "గోవింద" అన్నాం. ఆ రోజూ నాకు ఏడుపు రాలేదు.