గుట్ట మీది ముప్ఫై రెండు కోతులు

జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్ళు బ్రాడీపేటలో ఎంసెట్ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ తర్వాత, కోతుల ప్రవర్తన మీద పరిశోధన చేసే ఒక మేడమ్‌కి తెలుగు వచ్చిన సహాయకురాలు కావాలని మా ప్రొఫెసర్ గారు చెబితే ఆ పనిలో చేరాను. "ఇంత చదివింది కోతుల వెంట తిరగడానికా?" అంది అమ్మ. మిషన్ స్కూల్లో టీచరైన నాన్న మాత్రం ఒక మంచి గొడుగు కొనిచ్చారు.

సింగరాయకొండకు ఇవతల ఒక చిన్న ఊరు, ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద ముప్ఫై రెండు కోతులు. ఇవి మన దక్షిణాది రకం. తోక పొడుగు, నెత్తిన జుట్టు పాపిడి తీసి దువ్వినట్టు ఉంటుంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, పది నిమిషాలకోసారి ఏ కోతి ఏం చేస్తోందో నోట్‌బుక్‌లో రాయాలి. మొదట్లో నాకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి. మూడో వారంలో ఒక ఆడకోతికి ఎడమ చెవి చిరిగి ఉండటం చూశాను. దాని పక్కన కూర్చునేవి ఏవి, దానికి పేలు చూసేవి ఏవి అని గమనిస్తూ మిగతావాటిని కూడా గుర్తుపట్టాను.

మేడమ్ నెలకోసారి వచ్చి నోట్‌బుక్ చూసేవారు. "కోపంగా ఉందని రాయకు. నీకు కనిపించింది పళ్ళు. పళ్ళు చూపించిందని రాయి" అన్నారు ఒకసారి.

గుట్ట కింద అరవై ఏళ్ళ రైతు ఒకాయన వేరుశనగ వేసేవాడు.

"ఏం రాస్తన్నావమ్మాయ్ రోజూ?" అని అడిగాడు.

"కోతులు ఏం తింటున్నాయో రాస్తున్నానండి."

"అయితే నా చేను తింటన్నాయని రాసుకో."

నా నోట్‌బుక్‌లో ఉన్నదీ అదే. ఆ రోజు గదికి వెళ్ళి మూడు నెలల పేజీలు తిరగేశాను. కోతులు చేలోకి దిగేది పొద్దున ఏడు లోపు, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక. ప్రతిసారీ వేపచెట్ల వైపు నుంచే. ఆయనేమో మిట్టమధ్యాహ్నం ఎండలో కాపలా కాసేవాడు. ఆ వేళకి కోతులు గుట్ట మీద నీడలో పడుకునేవి. నేనిది చెబితే నవ్వాడు. వారం తర్వాత మాత్రం పొద్దున్నే రేకుడబ్బా ఒకటి పట్టుకుని వేపచెట్ల కింద కూర్చుని కనిపించాడు. చేను మొత్తం దక్కలేదు గానీ ఆ ఏడు కాయ బాగానే ఇంటికి చేరింది.

ఆ వేసవిలో ఊళ్ళో ఒక ముసలావిడను కోతి కరిచింది. కోతులు పట్టేవాళ్ళను పిలవాలని ఊరంతా తీర్మానం చేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఆవిడ చేతి గాయం నేను చూశాను.

రెండు రోజుల్లో పందొమ్మిది కోతులు బోన్లలో పడ్డాయి. రెండో రోజు చిరుగుచెవిది కూడా పడింది. దాని ఆరు నెలల పిల్ల బోను బయట ఊచలు పట్టుకుని వేలాడింది.

"పిల్ల బయటే ఉందండి. తల్లిని వదిలేయండి" అన్నాను.

"ఒకదాని కోసం తలుపు తీస్తే అన్నీ పోతాయమ్మా" అన్నాడు కోతులు పట్టే అతను.

ఈలోపు రైతు వచ్చాడు. "నా చేలో ఎక్కువ తినింది ఆ చెవి చిరిగిందే. నేనే చెబుతున్నా, వదిలెయ్."

"ఊరంతా పట్టమన్నారు. నువ్వొక్కడివి చెబితే ఎట్లా వదిలేది?"

బోన్లు ఎక్కించిన లారీ కదిలేదాకా పిల్ల ఊచలు వదల్లేదు. "బోను మీద పిల్ల, నలభై నిమిషాలు" అని రాసి, నోట్‌బుక్ మూసి గట్టు మీద కూర్చున్నాను. ఏడ్చాను కూడా. అది నోట్‌బుక్‌లో రాయలేదు. కోతుల్ని నల్లమల అంచున వదిలేశామని తర్వాత చెప్పారు.

మిగిలిన పదమూడింట్లో వేలు తెగిన ఒక ముసలి మగకోతి ఉండేది. మర్నాటి నుంచి పిల్ల దాని పొట్టకు కరుచుకుని తిరిగింది. ఎస్టీడీ బూత్ నుంచి మేడమ్‌కి చెబితే, "వేరే పనులన్నీ ఆపి ముందు దాన్ని చూడు" అన్నారు. పాలు లేవు గనక బతకదనుకున్నాను. మగకోతి నమిలి పారేసిన చింతచిగురు ఏరుకుని తిన్నది. నెల తిరిగేసరికి సొంతంగా కొమ్మలెక్కి కోసుకోవడం నేర్చుకుంది.

దసరా వెళ్ళాక ఎవరో ఒక లారీడు కోతుల్ని తెచ్చి గుట్ట వెనక వదిలి వెళ్ళారు. ఇవి ఉత్తరాది రకం, పొట్టి తోక, ఎర్రటి పిర్రలు. వేరే ఊరివాళ్ళు తమ బాధ వదిలించుకుని మాకు అంటగట్టారు. మా పదమూడూ గుట్ట పై భాగం వదిలేసి వేపచెట్లలోకి దిగిపోయాయి.

మేడమ్ పంచాయతీ ఆఫీసులో కూర్చుని ఇదంతా వచ్చీరాని తెలుగూ ఇంగ్లీషూ కలిపి వివరించారు. ఖాళీ చేసిన చోటికి ఇంకో గుంపు వస్తుందని, చెత్తకుప్పలు తీసేస్తే ఊళ్ళోకి రావడం తగ్గుతుందని అన్నారు. అందరూ విన్నారు. ఒప్పుకున్నది కొందరే. "ఈసారి లారీ పిలిచే ముందు ఈ అమ్మాయి పుస్తకం చూడండి" అన్నాడు రైతు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ పిలవలేదు.

ఇంకో ఏడాదిన్నరకి నాకు జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. చివరి రోజు లెక్కలో మావి పదకొండు, కొత్తవి ఇరవై పైన. రెండు గుంపులూ ఒకే చింతచెట్టు కాయలు తినేవి, కాకపోతే ఒకటి పొద్దున, ఇంకొకటి మధ్యాహ్నం.