వెనక టైర్ల కింద నిమ్మకాయలు

కిందటేడాది జూన్ నెల. భిలాయ్ ఖుర్సీపార్‌లో మా నాన్న కిరాణా నడిపిన గదిలోనే నేను వ్యవసాయ పనిముట్లు అమ్ముతున్నాను. చింతపండు మధ్య పెరిగినవాణ్ణి. కొన్నవాడు సరుకును తిడుతున్నాడంటే ధర తగ్గించమంటున్నాడనే నాకు వినిపిస్తుంది.

అందుకే అప్పన్న మామ ఫోన్ చేసినప్పుడు నేనేమీ కంగారుపడలేదు. మామ స్టీల్ ప్లాంట్‌లో రిటైరై, ఊరి బయట పొలం కౌలుకు తీసుకుని, నా దగ్గర సీడ్ డ్రిల్ కొన్నాడు. ట్రాక్టర్ వెనక తగిలించే ఈ యంత్రం నేలను సాళ్లుగా చీలుస్తూ వరి విత్తనం వేసుకుంటూ పోతుంది.

"నీ మిషన్‌కి పిచ్చెక్కిందిరా అల్లుడూ! పొద్దున్న ఇసక గరపనేలలో బంగారం లాగ యేసింది. నల్లరేగడిలోకి దింపితే సగం సాళ్లు కాళీ!"

"తడి ఎక్కువైందేమో మామా. రేపు ఆరాక చూద్దాం."

"రేపేటి? మబ్బు సూడు. ఓన పడితే ఈ బురదలోకి ట్రాక్టర్ దిగుద్దా? ఈ ఏడు పంటకి నీళ్లొదులుకోడమే!"

ఇది బేరం గొంతు కాదు. బండి తీశాను.

వెళ్లగానే క్యాలిబ్రేషన్ చేశాను. అంటే డ్రిల్ కింద గొట్టాలు ఊడదీసి, వాటికి సంచులు కట్టి, చక్రం గాల్లో తిప్పి, ఒక్కో గొట్టంలోంచి ఎంత విత్తనం పడుతుందో తూచడం. అన్ని సంచులూ సమానంగా తూగాయి. "చూశావా మామా, నా సరుకు నిఖార్సు!" అన్నాను. మామ వేలితో సాలు తవ్వి చూపించాడు. గింజ లేదు. పక్క సాలులో ఉంది. దాని పక్కన మళ్లీ లేదు. కాటా మీద సరిపోయింది నేల మీద ఎలా తగ్గిందో నాకు అర్థం కాలేదు.

డ్రిల్ కిందికి దూరి చూస్తే, బూట్లలో మట్టి. గొట్టం చివర నేలను చీల్చే బోలు ఇనప పాదాన్ని బూట్ అంటారు. తీగతో మట్టంతా పొడిచి తీసి, పెద్ద ఇంజనీరులా చేతులు దులుపుకున్నాను.

"శకునం సెడింది, మల్లీ పూజ సెయ్యాల," అంది మామ భార్య పైడమ్మ అత్త. పొద్దున్న కూడా ప్రతి మడిలో విత్తేముందు తనే పూజ చేసిందట. అత్తే గట్టి నిమ్మకాయలు ఏరింది. డ్రైవర్ డ్రిల్‌ని నేలకు దించాడు. అత్త కుంకుమ పెట్టి, కాయలు వెనక టైర్ల వెనక పెట్టింది. డ్రైవర్ రివర్స్ వేసి తొక్కించి, ముందుకు పోనిచ్చాడు.

మళ్లీ సగం సాళ్లు ఖాళీ! బూట్లలో మళ్లీ మట్టి! ఇప్పుడే కదా కడిగినట్టు తీశాను? నేల తప్పా, మిషన్ తప్పా, నిమ్మకాయ తప్పా? పూజ చేసిన చోటికే వెళ్లి నిలబడ్డాను. నలిగిన తొక్కల పక్కన, బూట్లు వెనక్కి గుచ్చుకుపోయిన గుంటలు కనిపించాయి.

"అత్తా, కాయలు టైర్లకి వెనకెందుకు పెట్టేరు?"

"నువ్వే కదేటి పెట్టింది, నీ కొట్టుకాడ!"

నిజమే. మా సందు ఇరుకు. ముందుకెళ్తే గోడే. ట్రాక్టర్ రివర్స్‌లోనే బయటికి రావాలి కాబట్టి డ్రిల్ అమ్మిన రోజు పూజకి నిమ్మకాయలు వెనక పెడతాను. అక్కడ డ్రిల్ ఎత్తి ఉంటుంది. వీళ్లు భూమి తల్లికి తగలాలని దించి రివర్స్ చేశారు. గరపనేల పొడిపొడిగా రాలిపోయింది. జిగట రేగడి బూట్ల నోళ్లలో కూరుకుపోయింది.

"డ్రిల్ ఎత్తి ఉంచుదాం, కాయలు ముందు పెట్టండి. బండి కదిలాక దింపుతాం."

"నేల తగలకుండా పూజేటి, పిల్లడా?"

"కుంకుమ నేలకే పెట్టండి. నా తరఫున ఇంకో జత కాయలు."

దేవుడి దగ్గర కూడా కొసరు వేసిన వెధవను నేనే అయ్యుంటాను. అత్త ఒప్పుకుంది. నేను బూట్లలో మట్టి మళ్లీ పొడిచి తీశాక, ఖాళీ పోయిన సాళ్ల నుంచే మొదలుపెట్టాం. మామ సాలు వెంట వంగి నడుస్తూ, "పడతంది, పడతంది!" అని అరిచాడు. చివరి సాలు పూర్తయి ట్రాక్టర్ గట్టెక్కుతుండగా చినుకులు మొదలయ్యాయి.

దుకాణంలో మనం చేసి చూపించిందల్లా కొన్నవాడికి రూలే. ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ట్రాక్టర్ ముందుకే బయటికి వెళ్లేలా, సందులోకి రివర్స్‌లో తెప్పిస్తున్నాను. డ్రిల్ ఎత్తకుండా రివర్స్ వెయ్యొద్దని అందరికీ గొంతు చించుకుని చెబుతున్నాను.

ఈ ఏడాది అత్త తమ్ముడు వచ్చాడు. డ్రిల్ ధర మీద మధ్యాహ్నం దాకా నా ప్రాణం తోడేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అక్క సెప్పింది, నీ నిమ్మకాయల్లో మహిమ ఉందంట. ఆటికెంతైనా పరవాలేదు," అన్నాడు.

ఇంతకీ నేను అమ్మేది ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. కాయలు మాత్రం ముందు టైర్ల ముందే పెట్టాను.