ఒకే ఆఫీసులో అక్కాచెల్లెళ్ళు

ఆ ఆఫీసులో బాత్రూములు కడిగేది అక్క. పని దొరక్క ఇంట్లో కూర్చున్న చెల్లెల్ని, సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి అక్కడే పెట్టించింది. చెల్లెలు చురుకైనది, నవ్వుముఖం. ఆయన ఆమెను టీ గదికి పంపాడు.

"మీరు అక్కాచెల్లెళ్ళని మాత్రం ఎక్కడా నోరు జారకండి. తెలిస్తే ఈ అమ్మాయి పోసిన టీ ఎవరూ ముట్టరు," అన్నాడు.

అక్క సరేనంది. వారం తిరక్కుండానే కడుపుమంట మొదలైంది. చెల్లెలు ట్రేతో వస్తే "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించేవాళ్ళు, తను బకెట్‌తో వస్తే ముక్కు మూసుకుని గోడవారకు జరిగేవాళ్ళు. వరండాలో ఎదురుపడితే చెల్లెలు ముఖం తిప్పుకునేది. అనుకున్నదే అయినా, అంత బాగా తిప్పుకోవాలా అని అక్క పళ్ళు కొరికేది.

ఒకరోజు ఇంట్లో చెల్లెలు మురిసిపోతూ, "మేనేజరుగారు ఇంకో కప్పు అడిగి తాగారక్కా," అంది.

"నీకు టీ పెట్టడం నేర్పిందెవరే?"

"నువ్వేగా."

"ఆ సంగతి ఆయనకి తెలుసా?"



తర్వాత ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. చెల్లెలికి కేకు ముక్క చేతికే ఇచ్చారు. గుమ్మం తుడుస్తున్న అక్కకు కాగితంలో చుట్టి నేల మీద పెట్టారు. అక్క కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది.

"ఏమే చెల్లీ! మీ అక్క ముక్క కూడా నువ్వే తిను!" అని అరిచింది.

మర్నాడు ఫ్లాస్కులో పోసిన టీ పోసినట్టే ఉంది. సాయంత్రానికి చెల్లెలి చేతికి చీపురొచ్చింది.

అక్కకు ఆ పూట లోపల చల్లగానే అనిపించింది. కానీ బాత్రూములో చెల్లెలు గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే చూడలేక సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తింది.

"నోరు జారింది నేను బాబూ. దాన్ని మళ్ళీ టీ గదికి పంపండి."

"పంపొచ్చు. తాగేవాళ్ళేరీ?" అన్నాడాయన.

చెల్లెలు ఆ పని మానేసి, ఇంకో ఆఫీసులో టీ పనికే కుదిరింది. ఎక్కడో చెప్పలేదు.

"నేనేమైనా వస్తానా? చెప్పవే," అంది అక్క.

"వద్దక్కా. నాకెవరూ లేరని చెప్పాను."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చెల్లెలు తల దువ్వుకుని హుషారుగా బయల్దేరుతుంటే, అక్క గుమ్మంలో నిలబడి వీధి మలుపు దాకా చూసేది. తన మీద తనకే అసహ్యం వేసేది. కుళ్ళు మాత్రం చావలేదు.