తెగులు అన్న పాపానికి దాక్కున్న కోళ్ళు

నేను కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. ఫ్లూ వైరస్ ఒంట్లోకి దూరగానే పసిగట్టి గోల చేసే జన్యువు ఒకటుంది. మనకుంది, బాతుకుంది. కోడి వంశం మాత్రం ఎప్పుడో దాన్ని పోగొట్టుకుంది. కోళ్ళు రాలిపోతున్నా బాతులు హాయిగా తిరగడానికి అదొక కారణమని చదివాను. చదివిందల్లా నమ్మే రకం కాదు నేను. రెండూ ఒకే దొడ్డిలో పెరిగేచోట కళ్ళారా చూద్దామని ఓ ఆదివారం పొద్దున్నే గుంటూరులో ప్రత్తిపాడు బస్సెక్కాను.

గంటలోపే దిగాను. అక్కడినుంచి పల్లెకు ఆటో. డ్రైవరు మస్తాన్ రానుపోను మూడొందలన్నాడు, సరేనన్నాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు, ఆ ఘాటుకు ముక్కు కారుతూనే ఉంది. మాట కలుపుదామని "ఈ ఏడు మీవైపు తెగులు ఎలా ఉందండీ?" అన్నాను. నేనడిగింది కోళ్ళ గురించి. అతను అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

"మందుల కంపెనీయా మేడమ్? మిరపకి ఏం కొట్టినా ఆగట్లేదు. మళ్ళీ కొత్తది అంటగట్టడానికొచ్చారా?"

కాదన్నా నమ్మలేదు. బాతులూ కోళ్ళూ కలిసి పెరిగే దొడ్డి చూడాలని చెప్పాక మాత్రం తన పిన్నికి ఫోన్ చేశాడు. "పిన్నీ, తెగులు మేడమ్ వస్తన్నారు."

పిన్ని కాశింబీ గారి దొడ్డిలో బాతులు బురదలో కులాసాగా ఉన్నాయి. కోడి ఒక్కటీ లేదు, నేలమీద కోడి ఈకలు మాత్రం ఉన్నాయి. కోళ్ళన్నీ చచ్చాయేమో, ఈవిడ ఆ సంగతి దాస్తోందేమో అనుకున్నాను.

"కోళ్ళేవండీ?"

"మాకు కోళ్ళు లేవమ్మా" అందో లేదో, పత్తి నింపిన గదిలోంచి కొక్కొక్కోమని వినిపించింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

"నేను మిరప తెగులనుకున్నా పిన్నీ" అన్నాడు మస్తాన్. ఆమెకు వినబడింది కోళ్ళ తెగులు. పైగా నా సంచిలోంచి మాస్కు కనిపిస్తోంది.

"మాస్కులోళ్ళొస్తే కోళ్ళన్నీ చంపి పూడుస్తారంట. గుడ్లమ్ముకుని బతికేదాన్ని, భయముండదా? పోయిన వానాకాలం సగం పోయినయ్. ఈ బాతులకి తుమ్మైనా రాలా. వాటిమీదా నాకు అనుమానమే."

ఆ అనుమానంలో నిజముంది. చెబితే బాతుల్ని అమ్మేస్తుందేమోనని నసిగి, చివరికి చెప్పేశాను. బాతు తను పడిపోకుండానే రోగాన్ని మోయగలదు, రెంటికీ ఒకే బేసిన్లో నీళ్ళు పెట్టకండి, కోళ్ళు చస్తే పశువుల డాక్టరుకు కబురు పెట్టండి అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"బాతుల్ని నమ్మొద్దంటివి. మరి నిన్నెట్టా నమ్మేది?"

అయినా బేసిన్ తీసి బాతులవైపు జరిపి, కోళ్ళకు వేరే ముంత వెతికింది.

తిరుగుదారిలో నాకు తట్టింది. కొత్తగా లోపలికొచ్చినదాన్ని అనుమానించడమే ఆ జన్యువు పని. కోళ్ళు దాన్ని పోగొట్టుకుంటే, ఆ పని కాశింబీ గారు చేస్తున్నారు. మీరెవరైనా వెళ్తే చెప్పులు కడుక్కుని దొడ్డిలో అడుగుపెట్టండి, తెగులు అన్న మాట మాత్రం ఎత్తకండి. ఎంత మంచిగా మాట్లాడినా, మీ ఆటో మలుపు తిరిగేదాకా ఆమె ఆ గది గొళ్ళెం తీయదు. నాకూ తీయలేదు.