లేని గదికి చెప్పించిన స్తోత్రం

డెబ్బై ఎనిమిది అక్టోబరులో లడఖ్ వైపు ఒక కొండ పోస్టుకు చేరాను. పదిహేను వేల అడుగుల ఎత్తు. ట్రక్కు దిగాక రెండు రోజుల నడక. వీపు మీద ఇరవై కిలోల మూట, రైఫిలు వేరే. పోస్టులో ఎనిమిది మందిమి. రాళ్లతో, ఇసుక బస్తాలతో కట్టిన రెండు బంకర్లు, ఒక కిరోసిన్ స్టవ్వు. నీళ్లు కావాలంటే పారతో మంచు తవ్వి కరిగించుకోవాలి. మాది ఆళ్లగడ్డ దగ్గర నల్లరేగడి ఊరు. అక్కడి చలికి ఒక దుప్పటి చాలు. మొదటి వారంలోనే దేవుడి మీదా, ఆర్మీ మీదా, నన్ను పాస్ చేసిన డాక్టరు మీదా కోపం పెంచుకున్నాను.

అమ్మకు చదువు రాదు. నా ఉత్తరాలు మా చర్చి టీచరమ్మ చదివి వినిపించేది. అదీ ఇంట్లో కాదు, శనివారం స్త్రీల కూడికలో, అందరి ముందూ. ప్రతి మంచి కబురుకూ ఆడవాళ్లంతా స్తోత్రం అనేవారట. అమ్మ రాయించే జవాబు ఎప్పుడూ ఒకటే: "నాయనా, దేవుడు ఏం మేలు చేసినాడో రాయి. కూడికలో చెప్పుకోవాల."

మేలు ఏదీ నా కంటికి ఆనలేదు. కల్పించి రాశాను. వెచ్చని గది ఇచ్చారు. కిటికీ పక్కన మంచం. ఆదివారం ఆదివారం మాంసం కూర. ఒకసారి మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు, ఆపిల్ తోట కూడా పెట్టేశాను. మా కొండ మీద గడ్డిపరక మొలవదు. అమ్మ బెంగ పెట్టుకోకూడదనే ఇదంతా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంతమంది ముందు నా బతుకు గొప్పగా వినపడాలన్న యావ కూడా ఉంది, దాచడం ఎందుకు.

జనవరిలో ఒక రోజు కింది పోస్టు దాకా గస్తీ వెళ్లి వస్తుంటే, మంచు కింద దాగిన వాగులో నా కుడికాలు దిగబడింది. బూటు నిండా నీళ్లు. తడి మేజోళ్లు వెంటనే మార్చాలన్నది అక్కడి మొదటి ఆర్డర్. మా పోస్టును నడిపే హవల్దార్‌కు తెలిస్తే తిడతాడని నోరు మూసుకుని, అలాగే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సెంట్రీ కాపలాలో నిలబడ్డాను. మైనస్ ఇరవై డిగ్రీలు. మూడు దాటాక నొప్పి పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అంత తెలివి నాది.

నాలుగింటికి డ్యూటీ దిగుతూ కూలబడ్డాను. హవల్దార్ బూటు కోసి తీశాడు. ఆయన హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల వాడు, నలభై దాటిన మనిషి, నవ్వగా మేమెవరం చూడలేదు. కాలు కొవ్వొత్తిలా తెల్లబడి ఉంది. ఒక్క మాట తిట్టలేదు. కోటు, చొక్కా గుండీలు విప్పి, నా పాదాన్ని తన పొట్టకు ఆనించుకుని, పైన కోటు కప్పాడు. ఆ చలికి ఆయన ఒళ్లంతా జలదరించింది. నేను కాలు లాక్కోబోయాను.

"కదిలించకు. ఇది ఆర్డర్," అన్నాడు.

వైర్‌లెస్ ఆపరేటర్ బేస్‌ను పిలిచాడు. "హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"ఇక్కడ మబ్బు. రేపు చూద్దాం. ఓవర్," అని జవాబు.

ఏడింటి దాకా హవల్దార్ అలాగే కూర్చున్నాడు. అలా కూర్చునే మిగతావాళ్లకు డ్యూటీలు వేశాడు, రొట్టె తిన్నాడు. మర్నాడు పదకొండింటికి హెలికాప్టర్ వచ్చింది. ఎక్కేటప్పుడు సెల్యూట్ కొట్టాను కానీ, మీ మేలు మరవనని ఒక్క మాట అనలేకపోయాను. సిగ్గు. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. ఆ వారం అమ్మకు ఏం రాశానో తెలుసా? మాకు మంచి ఉన్ని మేజోళ్లు ఇచ్చారని.

మే నెలలో సెలవు దొరికింది. నంద్యాలలో రైలు దిగి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆదివారం చర్చిలో అమ్మ కృతజ్ఞత కూడిక పెట్టించింది. మా చర్చిలో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాం. నేను బూట్లు విప్పాను, మేజోళ్లు విప్పలేదు. ఇంట్లోనూ విప్పలేదు, వేళ్ల సంగతి అమ్మకు తెలియదు. ఆ ఎండల్లో మేజోళ్లేమిటని అందరూ నా కాళ్లకేసే చూస్తున్నారు.

అమ్మ లేచి నా ఉత్తరాల్లోని మేళ్లన్నీ ఒక్కటీ మరవకుండా చెప్పింది. గది, మంచం, కూర, తోట. ఉన్ని మేజోళ్ల సంగతి రెండుసార్లు చెప్పింది. పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నిజం చెబితే ఇంతమందిలో అమ్మ తల దించుకోవాలి. అబద్ధం చెబితే హవల్దార్ అనే మనిషే లేనట్టు.

మేజోడు విప్పాను. ఆ గది లేదు, ఆ తోట లేదు, అన్నీ నేను అల్లినవేనన్నాను. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"లేని గదికి మాతో స్తోత్రం చెప్పిస్తివి. ఉన్న మనిషిని దాపెడితివి," అంది. ఆ వెంటనే అడిగింది: "ఆయప్ప పేరేంది?"

చెప్పాను. ఆ సాయంత్రమే హవల్దార్‌కు ఉత్తరం రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది, కాలు పొడిగా ఉంచుకోమని ఒకే ఒక్క వాక్యం. అది చదివి ఏడ్చాను. ఆనాటి నుంచి దేవుణ్ణి ఏదైనా అడిగే ముందు, నాకు మేలు చేసిన ఒక మనిషి పేరు చెబుతాను. వెతికితే పేర్లకు కరువు రాలేదు.

కొండలు, మంచు చాలావరకు మరిచిపోయాను. ఆ ఆదివారం మాత్రం కళ్ల ముందే ఉంది. అమ్మ నా ముందు చాప మీద మోకరించింది. వేళ్లు తెగిన చోట అరచెయ్యి ఆనించింది. తానెన్నడూ చూడని ఆ కొండ ప్రాంతపు మనిషి పేరును, దేవుడికి వినపడాలన్నట్టు, గట్టిగా పలుకుతూ ఉంది.