అందరికన్నా కొత్త దుకాణం

జహీరాబాద్ పాత బజారులో ఏడు దుకాణాల వరుసను కొలవడానికి వెళ్లాను. ప్రతి దుకాణం పొడవు, వెడల్పు, ఎప్పుడు కట్టారో రాసుకోవడం నా పని. మా శ్రీకాకుళంలో అయితే ఎవరిని అడిగినా మాదే పాతది అంటారు. ఇక్కడ ఏడుగురూ మాదే అందరికన్నా కొత్తది అన్నారు.

కారణం నాలుగో, ఐదో దుకాణాల మధ్య గోడలో దొరికింది. అందులో పదిహేడు మిల్లీమీటర్ల పగులు ఉంది. మిగతా గోడలూ అదే దారిలో ఉన్నాయి. వానలు దగ్గరపడ్డాయి. ఆ బజారు కట్టుబాటు ప్రకారం మధ్యగోడ మొదట దుకాణం కట్టినవాళ్లది. తర్వాత వచ్చినవాళ్లు దానిమీద దూలాలు ఆనించుకుంటారు, అంతే. మరమ్మతు మొదట కట్టినవాళ్లే చేయించాలి.

"మా దాదా వచ్చేసరికే ఈళ్ల దుకాణం ఉండె సాబ్," అన్నాడు నాలుగో దుకాణం దర్జీ ఖాజా భాయ్, ఐదో దుకాణం వైపు చూపిస్తూ.

"గదెట్ల?" అన్నాడు పక్క దుకాణంలో ఇత్తడి సామాన్లు అమ్మే వీరన్న. "మా తాత పెండ్లి అంగీ ఈళ్ల దాదానే కుట్టిండు. అప్పటికి మాకు దుకాణమే లేదు."

"అంగీ కుట్టింది ఇంట్ల. దుకాణంల కాదు."

"మరి మొదట కట్టిందెవరు?" అని అడిగాను.



"ఎవ్వరు లేరు సార్. అందరం తర్వాత వచ్చినోళ్లమే," అన్నాడు వీరన్న.

ఇంతలో చాయ్ వచ్చింది. నేను ఆ గోడ పక్కన కుర్చీలో కూర్చోబోతే, ఇద్దరూ చెరో చెయ్యి వేసి కుర్చీని రోడ్డు మీదికి లాగారు.

"గాడ కూసోకున్రి సాబ్," అన్నాడు ఖాజా భాయ్. "శాన పాత గోడ."

వీరన్న కూడా అవునన్నట్టు తలూపాడు.